కెల్లి కన్నయ్య గారి జుట్టు

నా కూతురు పుట్టినప్పుడు ఆస్పత్రి గదిలో ముందు వినబడింది పిల్ల ఏడుపు కాదు, నర్సు సస్మిత కేక.

"ఓ మా! నాలి చుటి!"

ఎర్ర జుట్టని ఒడియాలో. నేను ఏదో రక్తం అంటుకుందనుకున్నాను. సస్మిత పిల్లని శుభ్రంగా తుడిచి కిటికీ దగ్గర వెలుగులోకి ఎత్తి చూపించింది. చింతపండుతో తోమిన రాగిచెంబు ఎండలో ఎలా ఉంటుందో అలా మెరిసిపోతోంది పిల్ల తల.

అది తొంభై ఏడో సంవత్సరం, వైశాఖమాసం. రాయగడ చుట్టూ ఉన్న కొండలన్నీ పెనం మీద పెట్టినట్టున్నాయి. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి వచ్చిన కాన్పు. బయట వరండాలో మా అత్త కృష్ణవేణమ్మ బంధువులందరికీ కబురు పంపడానికి గొంతు సవరించుకుని నిలబడి ఉంది. ఆవిడ నాకు అత్తగారే కాదు, సొంత మేనత్త, మా నాన్న చెల్లెలు. ఇంట్లో ఆవిడ మాటకి ఎదురులేదు. ఆవిడ గొంతు బస్టాండు దాకా వినిపిస్తుందని మా వీధిలో ప్రతీతి.

ఆవిడ లోపలికొచ్చి పిల్లని చూసింది. చూసి, పక్కనున్న స్టూలు మీద కూలబడింది. కాసేపటికి, "సలిగాలి తగుల్తాది. తలకి తువ్వాలు సుట్టండి," అంది.

కరెంటు లేదు. కిటికీ మీద కాకి ఎండకి నోరు తెరుచుకుని కూర్చుంది. సస్మిత నా వైపు చూసింది, నేను సస్మిత వైపు చూశాను. పిల్లకి తువ్వాలు చుట్టారు.

మా బావ జగ్గారావు, అంటే నా భర్త, పరుగెత్తుకొచ్చాడు. "ఎవరి పోలికే అమ్మా?"

"నీ పోలికే. సెవులు సూడు," అంది అత్త. మిగతాది చూడనివ్వలేదు.

ఇంటికొచ్చాక పిల్లకి నీళ్ళు పోసే పని అత్త ఇంకెవరికీ ఇవ్వలేదు. పొద్దున్నే గది తలుపు వేసుకునేది. తలుపు తీసేసరికి పిల్ల తల బొగ్గుల బస్తాలో ముంచి తీసినట్టు ఉండేది. ఆముదంలో కాటుక రంగరించి కుదుళ్ళ దాకా పట్టించేది.

"ఎందుకత్తా?" అని అడిగాను.

"జుట్టు ఒత్తుగా వస్తాది. బాలింతరాలివి, నీకెందుకివన్నీ? తొంగో."

నా మనసు నాకు తెలుసు గనక నాకు భయం లేదు. కానీ ఆ జుట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం నాకూ తెలియదు. అందువల్ల కాటుకే నయమనిపించి ఊరుకున్నాను.

బారసాల నాడు ఆ కాటుక మా కొంప ముంచింది.

మా ఎదురింటి కుంతి ఒడియా ఆవిడ, మా అత్తని మావుసీ అని, అంటే పిన్నీ అని పిలుస్తుంది. తెలుగు మాలాగే మాట్లాడుతుంది, నిజానికి మాకంటే ఎక్కువే మాట్లాడుతుంది. మా వీధిలో ఏ విషయమైనా కుంతి నోటమ్మట వస్తేనే అది జరిగినట్టు లెక్క. ఆ రోజు మీగడ రంగు బరంపురం పట్టుచీర కట్టుకుని వచ్చి, పిల్లని తీసుకుని ఒళ్ళో వేసుకుంది. ఇల్లంతా జనం, మధ్యలో హోమం పొగ. పిల్లకి చెమటలు పట్టాయి. నల్లటి ధార ఒకటి నుదుటి మీంచి మొదలై ముక్కు దాకా వచ్చింది.

"అయ్యో పాపం," అని కుంతి పైటచెంగుతో తుడిచింది. చెంగు నల్లబడింది. ఇంకోసారి తుడిచింది. చెంగు ఇంకా నల్లబడింది, తల మీద ఎరుపు తేలింది.

"ఇదేటి మావుసీ! మీ పిల్ల రంగు పోతన్నాది!"

పురోహితుడు మంత్రం మధ్యలో ఆగిపోయాడు. అత్త మాత్రం తొణకలేదు. "రంగు కాదు, కాటుక. దిష్టి తగలకండా పెట్టేం."

"దిష్టికి బుగ్గ మీద సుక్క పెడతారు గానీ తలకాయంతా పెయింటు ఏస్తారేటి?"

పిల్లకి మనీష అని పేరు పెట్టారు. ఆ పేరు ఆ రోజు ఎవరూ వినలేదు. అందరూ చూడ్డంలో ఉన్నారు.

మర్నాటికల్లా వీధికి కారణం దొరికింది. అప్పట్లో డొరగుడ దగ్గర కంపెనీ పెడతామని తెల్లవాళ్ళు జీపుల్లో తిరిగేవారు. వాళ్ళలో ఒకతను, పసుపు జుట్టు, తాటిచెట్టంత మనిషి, కిందటి వానాకాలంలో మా కొట్టుకొచ్చాడు. బస్టాండు దగ్గర మాది జనరల్ స్టోరు. బావ భోజనానికి వెళ్ళిన వేళ నేను గల్లాపెట్టె దగ్గర కూర్చునేదాన్ని. ఆ మనిషి "నమస్తే" అన్నాడు. గొడుగు కావాలని చేత్తో చూపించాడు. ఇచ్చాను. తెరిచి చూసుకున్నాడు, తెరిచిన గొడుగుతోనే గుమ్మం దాటబోయి ఇరుక్కున్నాడు, నవ్వాడు, వెళ్ళిపోయాడు. నాకూ తెల్లజాతికీ మధ్య నడిచిన వ్యవహారం మొత్తం ఇంతే.

కానీ కుంతి ఇంటి దగ్గర బయల్దేరిన ఆ గొడుగు, వీధి చివరికి వెళ్ళేసరికి మూడు గొడుగులైంది. కూరగాయల బజారు దాటేసరికి నేను టికిరి దాకా జీపులో వెళ్ళొచ్చాను.

మా బావ మెతక మనిషి. ఎవరితోనూ తగువు పెట్టుకోలేడు. కొట్టుకొచ్చిన వాళ్ళల్లా "ఏటి జగ్గారావూ, పాప జుట్టు..." అని మొదలెడితే వెంటనే ఏదో ఒక కారణం చెప్పి పంపించేసేవాడు. ఒకరికి ఐరన్ టానిక్కు ఎక్కువైందన్నాడు. ఇంకొకరికి బీట్‌రూట్ అన్నాడు. సాయంత్రానికి కుంకుమపువ్వయింది. ఆ ముగ్గురూ కుంతి అరుగు మీద కలుసుకుని మాట్లాడుకుంటారని ఆయనకి తోచలేదు.

"కుంకుమపువ్వట! కొట్లో ఎలకలమందు అమ్ముకునీవోడికి కుంకుమపువ్వు ఎక్కడిది?" అని కుంతి మా వాకిలికి వినబడేలా అంది.

నాకు నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాను. ఆ రోజు మధ్యాహ్నం బావ అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోకుండా, నా మొహం చూడకుండా అడిగాడు.

"దుర్గా... ఆ గొడుగాయన... ఒక్కసారే వచ్చేడా?"

నవ్వు పోయింది. తొమ్మిదేళ్ళు పిల్లల్లేరని ఊరంతా నన్ను అన్నప్పుడు పక్కన నిలబడ్డ మనిషి.

"గొడుగు బాగానే ఉన్నట్టుంది బావా. బాగులేదని తిరిగివ్వడానికి రాలేదు," అన్నాను. పిల్లని భుజాన వేసుకుని మా నాన్న ఇంటికి బయల్దేరాను.

మా నాన్న గోవిందరాజులు రైల్వేలో బుకింగు క్లర్కుగా చేసి రిటైరయ్యారు. రాయగడ స్టేషనుకి దగ్గర్లోనే ఇల్లు. మా అమ్మ పోయాక ఒక్కరే ఉండేవారు. వెళ్ళేముందు నేను పిల్లకి కుంకుడురసంతో శుభ్రంగా తలంటి పోశాను. దాచేది లేదనుకున్నాను. నాన్న అరుగు మీద కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. కళ్ళజోడు పెట్టుకుని పిల్లని చూశారు. లేచి లోపలికెళ్ళి కండువా తెచ్చి పిల్ల తల మీద కప్పారు.

"నువ్వు కూడానా నాన్నా!" అన్నాను. అప్పుడు ఏడుపొచ్చింది.

ఇంతలో రిక్షా వచ్చి ఆగింది. అత్త దిగింది. వెనక సైకిలు మీద బావ.

"అన్నియ్యా," అంది అత్త గుమ్మంలోనే, "నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?"

"అమ్మకి మాటిచ్చేం," అన్నారు నాన్న.

"అమ్మ ఎప్పుడో ఎల్లిపోనాది. ఉన్నోళ్ళ సంసారం మాటేటి?"

"ఏటి సెప్పాల?" అన్నాడు బావ.

అత్త నా దగ్గర్నుంచి పిల్లని తీసుకుంది. గడప మీద కూర్చుని, తల మీది కండువా తీసి మడతపెట్టి పక్కన పెట్టింది.

"ఇది మా నాన్న జుట్టు," అంది, ఉప్పు ఏ డబ్బాలో ఉందో చెప్పినంత మామూలుగా.

బావ అర్థంకాక చూశాడు. "తాత పేరు కెల్లి కన్నయ్య గదా? రైల్వేలో గాంగుమేటు..."

"కాన్ కెల్లీ. గుణుపురం సిన్నబండి లైనుకి ఇనస్పెక్టరు. ఐర్లాండోడు."

మా పుట్టింటి ఇంటిపేరు కెల్లి. శ్రీకాకుళం వైపు కెల్లి వాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నా పెళ్ళిలో ఒక పెద్దమనిషి నాన్నని పట్టుకుని, "మేమూ కెల్లోళ్ళమే. మీదే ఊరు?" అంటే నాన్న, "సముద్రం వేపు," అన్నారు. అబద్ధం కాదు మరి. సముద్రానికి అవతల అనలేదంతే. ఏటా తాత తద్దినానికి నాన్న బంగాళాదుంపల వేపుడు చేయించేవారు. తద్దినంలో ఆ దుంప పనికిరాదని పురోహితుడు ఏటా మొత్తుకునేవాడు. "మా నాన్నకి ఇష్టం. తినీది ఆయన, నువ్వు కాదు," అని నాన్న ఏటా అదే జవాబు చెప్పేవారు.

"మమ్మల్ని పిల్లలందరూ దొర పిల్లలని రాళ్ళెట్టి కొట్టీవోరు," అంది అత్త. "నాన్న పోయేక అమ్మ మమ్మల్ని తీసుకుని ఇటొచ్చీసింది. నాకు సిన్నప్పుడు జుట్టు కొంచెం రాగి రంగే. ఎవులికీ తెలకూడదని అమ్మ రోజూ ఆందంలో కాటుక కలిపి రాసీది. పెద్దయ్యేక అదే నల్లబడిపోనాది. ఇంక పీడా వదిలిందనుకున్నాను."

నాన్నలోంచి నాకూ, అత్తలోంచి బావకీ ఇన్నాళ్ళూ చప్పుడు చెయ్యకుండా దాక్కుని వచ్చిన జుట్టు, మేనరికం చేసుకున్న మా ఇద్దరి దగ్గరా కలుసుకుని బయటపడింది. అలా జరుగుతుందని తరవాత డాక్టరు కూడా చెప్పాడు. ఆ పూట మాత్రం డాక్టరు అక్కర్లేకపోయింది. అత్త కళ్ళు పిల్లికళ్ళని చిన్నప్పట్నుంచీ వింటున్నాను. ఎందుకు పిల్లికళ్ళో ఎప్పుడూ ఆలోచించలేదు.

బావ నా ఎదుట నిలబడి చాలాసేపు సైకిలు గంట తిప్పుతూ ఉన్నాడు.

"దుర్గా, ఆ పూట అన్నానికెళ్ళకండా ఆ గొడుగు నానే అమ్మవలిసింది."

క్షమించమని అడగడం ఆయనకి అంతకంటే చేతకాదు. పిల్లని ఆయన చేతిలో పెట్టాను. కండువా కప్పకుండానే ఇంటిదాకా ఎత్తుకుని నడిచాడు.

ఇంక గొడవ తీరిపోయిందనుకున్నాం. యాభై ఏళ్ళ పైబడి దాచిన నిజాన్ని అత్త మర్నాడు తనే కుంతి అరుగు మీదికి వెళ్ళి చెప్పింది. కుంతి శ్రద్ధగా విన్నది. విని, కళ్ళు తుడుచుకుంది.

"కోడల్ని కాపాడుకోడానికి సొంత తండ్రినే తెల్లదొరని సేసీసేవా మావుసీ! ఇలాటి అత్త ఎవులికి దొరుకుతాది!"

అత్త ఇంటికొచ్చి చెంబు విసిరికొట్టింది. నిజం దాచుకోవలసి వచ్చినందుకు ఆవిడ ఎన్నడూ బాధపడినట్టు నేను చూడలేదు. చెప్పినా నమ్మలేదని మాత్రం రెండు రోజులు అన్నం మానేసింది. మూడో రోజు వీధి మధ్యలో నిలబడి, బస్టాండుకే కాదు స్టేషనుక్కూడా వినబడేలా పిలిచింది.

"కుంతీ! బయల్దేరు! గుణుపురం పోదాం. మా నాన్నని ఎరిగినోడు ఇంకా బతికే ఉన్నాడు!"

నాన్నని కూడా రమ్మంటే, "నాను రాను. అమ్మకి మాటిచ్చేను," అని తలుపేసుకున్నారు.

అప్పటికి వానలు పడుతున్నాయి. గుడారి మీదుగా వెళ్ళే బస్సెక్కాం, అత్త, బావ, నేను, పిల్ల, కుంతి. కుంతి ఆ మరకల పట్టుచీరే కట్టుకొచ్చింది. అబద్ధమని తేలితే కొత్త చీర అడగడానికని తరవాత ఒప్పుకుంది. బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. న్యాయం చెప్పబోయే పెద్దమనిషిలా బిగుసుకుని కూర్చుంది. వంశధార ఎర్రటి నీళ్ళతో నిండుగా పారుతోంది.

గుణుపురం స్టేషను వెనక ఎర్రయ్య ఇల్లు. ఆయన ఒకప్పుడు లైను మీద గాంగుమేను. తొంభై దాటి ఉంటాడు. నులకమంచం మీద కూర్చుని, నౌపడా నుంచి చిన్నబండి, అదే నారోగేజి రైలు, వచ్చే వేళైందని దారి వైపు చూస్తున్నాడు. చెవులు సరిగా వినబడవు.

"ఎర్రయ్య మావా! నాను కృష్ణవేణిని! గురుతు పట్టేవా?" అని అత్త అరిచింది.

"అమ్మకానికేటి లేవు," అన్నాడు.

కుంతి నా వైపు ఒక చూపు చూసింది. అత్త ఇంకో రెండుసార్లు అరిచింది. లాభం లేకపోయింది. నేను పిల్లని తీసుకెళ్ళి ఆయన ఎదురుగా ఎత్తి పట్టుకుని, దాని తల మీది టోపీ తీశాను.

ఎర్రయ్య చూశాడు. మంచం పట్టె పట్టుకుని మెల్లిగా లేచాడు. గోచీ సర్దుకున్నాడు. నిటారుగా నిలబడి, చెయ్యి నుదుటికి తీసుకెళ్ళి సలాం కొట్టాడు.

"టాలీ సిద్ధంగా ఉన్నాది దొరా," అన్నాడు. తరవాత కళ్ళు చికిలించి దగ్గరగా చూసి కంగారు పడ్డాడు. "ఓలమ్మో! ఇంత సిన్నగైపోనావేటి!"

కుంతి పక్కనున్న రోలు మీద కూలబడింది.

అక్కణ్ణుంచి ఎర్రయ్యని ఆపడం ఎవరివల్లా కాలేదు. కెల్లీ దొర వాళ్ళ ఊళ్ళో పొలమంతా అన్నకి వెళ్ళిపోతే ఓడెక్కి వచ్చేశాడట. లైను చూసుకోడానికి ట్రాలీ మీద తిరిగేవాడు. ఇంగ్లీషు దొర అంటే చెయ్యి చేసుకునేవాడు. "నాను ఇంగ్లీసోడ్ని కాదు, మా ఊరూ వాళ్ళే మింగీసేరు అనీవోడు." స్టేషను దగ్గర మజ్జిగ అమ్మే పైడమ్మని చూశాడు. అదే మా నాయనమ్మ. ఆవిడతో మాట్లాడ్డానికి రోజూ కుండెడు మజ్జిగ తాగేవాడు. జలుబు చేసి గొంతు పోయినా తాగాడు. ఆఖరికి ఆవిడే జాలిపడి, "ఇంక తాక్కు, పెళ్ళి సేసుకుంటాన్లే," అందట. తెలుగు ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు. ఆవిడ ఆడపిల్లల్ని ఎలా పిలిచేదో అదే పిలుపు అందరికీ అనుకుని స్టేషన్ మాస్టర్ని కూడా "ఓలమ్మీ" అనేవాడు. పెళ్ళి సంగతి తెలిశాక తోటి దొరలు వాళ్ళ క్లబ్బుకి రావద్దన్నారు. "ఎల్లకపోతే ఏటి? ఇంట్లో మజ్జిగుంది గదా అన్నాడు."

ఒక వానాకాలం జ్వరం వచ్చి పోయాడు. క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు.

కుంతి ఎర్రయ్య చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది. "జుట్టు నిజంగా ఇదే రంగా తాతా?"

"సీకట్లో లాంతరక్కర్లేదు," అన్నాడు ఎర్రయ్య.

కుంతి ఆ మరకల చెంగుతోనే ముక్కు తుడుచుకుంది. లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఏమంటుందో అనుకున్నాను. "ఇంక మీరెవులూ నోరు విప్పక్కర్లేదు. నానున్నాను గదా," అంది. ఉంది కూడా. రథయాత్ర నాటికి మా తాత రాయగడ వంతెన ఒంటిచేత్తో కట్టి, లండన్‌కి ఎదురు తిరిగి, ముగ్గురు రాణుల్ని కాదని మజ్జిగమ్మిని చేసుకున్న గవర్నరు అయిపోయాడు. ఇంత గొప్పోడు కాడని అత్త సర్ది చెప్పబోతే, "మీకు తెలదు మావుసీ," అని కుంతి కసిరింది.

కానీ అది తరవాతి సంగతి. ఆ రోజు అత్త ఎర్రయ్యని ఇంకొక్క మాట అడిగింది.

"నాన్నని ఎక్కడ పెట్టేరు మావా?"

ఎర్రయ్య కర్ర పట్టుకుని ముందు నడిచాడు. యార్డు దాటాక తుప్పలు, అవతల ఎత్తుగా ఓ మట్టిదిబ్బ. రాయి లేదు, పేరు లేదు. దిబ్బ మీద మా నాన్న పంచె ఎగ్గట్టి, మోకాళ్ళ దాకా బురదతో తుప్పలు పీకుతున్నారు. మాకంటే ముందు బస్సులో వచ్చేసినట్టున్నారు.

"రానన్నావు?" అంది అత్త.

"నీతో రానన్నాను," అన్నారు నాన్న.

అత్త పక్కన కూర్చుని తనూ పీకడం మొదలెట్టింది. తరవాత నాన్న అన్నారు, "నన్ను టాలీ ముందర కూకోబెట్టుకునీవోడు."

"నిన్నా? నన్ను! నువ్వు భయపడి ఏడుస్తావని ఎనక్కి కూకోబెట్టీవోడు."

"నానెప్పుడు ఏడ్సేను? మీసం పట్టుకు లాగితే నీకు దెబ్బ పడింది, అప్పుడు నువ్వేడ్సేవు."

"మీసమా! నాన్నకి మీసమెక్కడిది? గడ్డం ఉండీది."

"నీకేటి తెలుసు, నీకు అయిదేళ్ళు! మీసమే!"

ఒక్క ఫొటో కూడా లేదు మా దగ్గర. ఇద్దరూ ఒక్కసారే ఎర్రయ్య వైపు తిరిగి అరిచారు. "మావా! మా నాన్న ఎలగుండీవోడు?"

ఎర్రయ్య విసుక్కున్నాడు. నా చేతుల్లో బోసినోటితో చూస్తున్న పిల్లని కర్రతో చూపించాడు. "ఎలగుండీవోడంటారేటి? ఎదరే ఉన్నాడు గదా!"

అన్నాచెల్లెళ్ళు పిల్లని చూశారు. కాసేపు చూశారు. తరవాత అత్త, "గడ్డమే," అంది.

రాయగడ బస్సు రోడ్డు మీద హారన్ కొట్టింది. ఆ రోజుకి అదే ఆఖరి బస్సు. బావ బస్సు వైపు చూశాడు, దిబ్బ మీద బురదలో కూర్చుని చిన్నపిల్లల్లా దెబ్బలాడుకుంటున్న వాళ్ళమ్మనీ మా నాన్ననీ చూశాడు. "నాన్న" అనే మాట ఈ పిల్ల పుట్టేదాకా అత్త నోట ఎప్పుడూ నేను వినలేదు. ఆ సాయంత్రం ప్రతి మాటకీ ముందు అదే వస్తోంది.

బావ బస్సు వెళ్ళిపోనిచ్చి, స్టేషను బయట బడ్డీ దగ్గరికి నడిచి, అందరికీ టీ చెప్పాడు.